ఊజీ ఈగ భౌగోళిక విస్తరణ: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టు ప్రాంతానికి అది నేర్పే పాఠం

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో రీలరు వేలం పాటకు ముందు రాశిలో చెయ్యి పెట్టి గుప్పెడు గూళ్ళు తీసి చూస్తాడు. గూటి గట్టిదనం, ఆకారం, తడి, మచ్చలు పరిశీలించిన తరువాత అతని చూపు నిలిచేది గూటి కొసన ఉండే సన్నని గుండ్రటి చిల్లుపైన. అటువంటి గూళ్ళు గుప్పెడులో రెండు మూడు కనిపిస్తే రాశి మొత్తానికి ధర తగ్గుతుంది. ఆ చిల్లు పెట్టినది పట్టుపురుగు కాదు. పట్టుపురుగు శరీరంలో పెరిగి, దానిని చంపి, గూటిని తొలుచుకొని బయటపడిన ఊజీ ఈగ పిల్లపురుగు.

ఈ ఈగ 1980కి పూర్వం దక్షిణ భారతదేశపు మల్బరీ పట్టు రంగానికి పరిచయం లేనిది. బెంగాల్ పట్టు ప్రాంతానికి మాత్రం ఎంతో కాలంగా తెలిసిన శత్రువు. నడుమ వందల కిలోమీటర్ల దూరం, మల్బరీ సాగు లేని విశాలమైన భూభాగం ఉండగా అది ఇక్కడికి ఎలా చేరింది, చేరిన తరువాత ఎందుకు స్థిరపడింది అన్న ప్రశ్నలకు సమాధానం కీటకాల భౌగోళిక విస్తరణ శాస్త్రంలో దొరుకుతుంది. నియంత్రణ చర్యలు ఏ స్థాయిలో చేపట్టాలో నిర్ణయించడానికి కూడా ఈ అవగాహనే ఆధారం. రైతు గదికి వల కట్టడంతో విస్తరణ కార్యకర్త బాధ్యత ముగియకపోవడానికి కారణం ఇదే.

రెండు రకాల పటాలు

ఒక కీటక జాతి ఎక్కడెక్కడ నివసిస్తుందో పటంపై గుర్తించినప్పుడు ఏర్పడే ఆకృతిని దాని భౌగోళిక విస్తృతి అంటారు. ఆ విస్తృతికి హద్దులు గీసేవి ప్రధానంగా నాలుగు: వాతావరణం, ఆహారం లేదా ఆతిథేయి లభ్యత, సహజ శత్రువులు, ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్ళగల శక్తి. వీటిలో ఏది బలంగా పనిచేస్తున్నదో జాతిని బట్టి మారుతుంది.

ప్రకృతి గీసిన హద్దులకు చక్కని ఉదాహరణ తేలు ఈగలు. మెకాప్టెరా వర్గానికి చెందిన ఈ కీటకాలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 600 జాతులు ఉన్నాయి. పానోర్పిడే కుటుంబంలోని మగ ఈగకు ఉదరం చివర జననాంగం ఉబ్బి, తేలు కొండివలె పైకి వంగి ఉంటుంది. దాని వలననే ఆ పేరు వచ్చింది. అది కుట్టదు, విషం లేదు. పంటకు హాని చేయదు. ఎక్కువగా చనిపోయిన కీటకాలను తిని బతుకుతుంది. పిల్లపురుగులు గొంగళి పురుగులను పోలి, తేమగల మట్టిలోను, రాలిన ఆకుల కిందను పెరుగుతాయి. ఈ కుటుంబంలోని పానోర్పా ప్రజాతి ప్రధానంగా ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ మండలాలలో కనిపిస్తుంది. నియోపానోర్పా ప్రజాతి భారతదేశం, ఆగ్నేయాసియా, చైనా ప్రాంతాలకు చెందినది. దక్షిణ భారతదేశంలో ఈ ప్రజాతి నమోదులు పడమటి కనుమల తేమ అడవులకు చెందినవి.

తేలు ఈగ బలహీనంగా ఎగురుతుంది. తేమ నీడను విడిచి దూరం పోదు. ఒక కొండ వరుసకు, మరొక కొండ వరుసకు నడుమ పొడి మైదానం ఉంటే అది దానికి సముద్రంతో సమానం. అందువలన ఈ వర్గంలో చిన్న చిన్న ప్రాంతాలకే పరిమితమైన స్థానిక జాతులు ఎక్కువ. వాటి విస్తృతి పటాన్ని చూస్తే వర్షపాతం పటాన్ని, అడవుల పటాన్ని చూసినట్లే ఉంటుంది. పూర్వపు అనంతపురం జిల్లాలో వార్షిక సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంతటి పొడి నేలలో పానోర్పిడే కుటుంబానికి అనువైన ఆవాసం అరుదు.

ఊజీ ఈగ పటం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దానిని వర్షం గీయలేదు, కొండలు గీయలేదు. గూళ్ళ బస్తాలు ప్రయాణించిన దారులే దానిని గీశాయి. ఎండ మండే రాయలసీమలో కూడా రైతు తన పురుగుల కోసం గదిని చల్లబరచి, తేమను నిలిపి, ఏడాది పొడవునా ఆకును అందిస్తాడు. పట్టుపురుగుకు కల్పించిన ఈ అనుకూల పరిస్థితులన్నీ దానిపై ఆధారపడిన ఈగకు కూడా అందుతున్నాయి. మొదటి పటాన్ని మార్చడం మనిషి చేతిలో లేదు. రెండవ పటం మనిషి చేతితోనే ఏర్పడినది గనుక దానిని సరిదిద్దే అవకాశం కూడా మనిషికే ఉన్నది.

ఒకే పేరు, వేర్వేరు జాతులు

విస్తృతి అధ్యయనంలో మొదటి మెట్టు జాతిని సరిగా గుర్తించడం. ఊజీ అన్న పేరు జపాన్ భాష నుంచి వచ్చినది. ఆ భాషలో ఈ మాటకు ఈగ పిల్లపురుగు అని అర్థం. ఆ పేరు వినగానే అన్ని దేశాలలోను ఒకే ఈగ ఉన్నదని భావించరాదు. జపాన్‌లో మల్బరీ పట్టుపురుగును ఆశించే ఊజీ వేరొక జాతి. అది గుడ్లను మల్బరీ ఆకుపై పెడుతుంది. పట్టుపురుగు ఆకుతో పాటు ఆ గుడ్లను మింగుతుంది. మన దేశంలో దసలి పట్టుపురుగును ఆశించేది బ్లెఫారిపా జెబినా అనే మరొక జాతి. దక్షిణాది మల్బరీ పట్టు రైతులకు నష్టం కలిగిస్తున్నది టాకినిడే కుటుంబానికి చెందిన ఎక్సోరిస్టా బాంబిసిస్. ఇది గుడ్డును నేరుగా పట్టుపురుగు చర్మంపైనే అంటిస్తుంది.

ఈ తేడా కేవలం వర్గీకరణకు సంబంధించినది కాదు. గుడ్డు ఆకుపై ఉంటే తోటలోనే జాగ్రత్త అవసరం, గదికి వల కట్టినా ప్రయోజనం తక్కువ. గుడ్డు పురుగుపై ఉంటే ఈగను గదిలోకి రానీయకపోవడమే మొదటి రక్షణ. ఒక దేశపు సిఫారసును మరొక దేశంలో అమలు చేసే ముందు అక్కడి జాతి ఏదో తెలుసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అవసరం లేదు.

క్షేత్రంలో కూడా పొరపాటుకు అవకాశం ఉన్నది. ఊజీ ఈగ బూడిద కలిసిన నలుపు రంగులో, సుమారు ఒక సెంటీమీటరు పొడవు ఉంటుంది. ఉరోభాగంపై పొడవుగా నాలుగు నల్లని చారలు ఉంటాయి. ఇంటి ఈగకు కూడా నాలుగు చారలే ఉన్నా అది పరిమాణంలో చిన్నది. మాంసపు ఈగ పరిమాణంలో ఊజీని పోలి ఉన్నా దానికి చారలు మూడే. పెంపకం గది చుట్టూ ఈ మూడూ తిరుగుతుంటాయి. కిటికీ దగ్గర వాలిన ప్రతి పెద్ద ఈగనూ ఊజీగా లెక్కిస్తే ఉధృతి అంచనా తప్పుతుంది. నల్లని మచ్చ ఉన్న పురుగులను వేరుచేసి సీసాలో ఉంచి, వెలువడిన ఈగను పరీక్షించడం నమ్మకమైన పద్ధతి.

గూళ్ళతో సాగిన ప్రయాణం

1980లో కర్ణాటకలో ఊజీ ఈగ తొలిసారిగా కనిపించింది. పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన పట్టుగూళ్ళతో పాటు ఇది అక్కడికి చేరిందని శాస్త్రవేత్తలు భావించారు. ఆ తరువాత పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు పట్టు ప్రాంతాలకు వ్యాపించింది. దక్షిణాదిలో దీని వలన 10 నుంచి 20 శాతం వరకు దిగుబడి నష్టం జరుగుతున్నట్లు పట్టు పరిశోధన గ్రంథాలు పేర్కొంటున్నాయి.

ఈగ తనంతట తాను అంత దూరం ఎగరనవసరం లేదు. ఐదవ దశ చివరలో ఊజీ గుడ్డు పడిన పట్టుపురుగు మామూలుగానే గూడు అల్లుతుంది. బయటికి అది మంచి గూడే. లోపల ఉన్న పిల్లపురుగు కంటికి కనిపించదు. అటువంటి గూడు బస్తాలో, రైలులో, లారీలో ఎంత దూరమైనా పోతుంది. దారిలోనో, గమ్యం చేరిన తరువాతనో పిల్లపురుగు గూటిని తొలిచి బయటపడి, గోడ పగులులోనో, నేల సందులోనో దూరి కోశస్థ దశకు మారుతుంది. పది పన్నెండు రోజులకు ఈగ వెలువడుతుంది. అది వెలువడిన చోట మల్బరీ తోటలు, పట్టుపురుగులు ఉంటే కొత్త స్థావరం ఏర్పడినట్లే.

జీవిత చక్రం, దానికి దక్షిణాది కల్పించిన అనుకూలత

ఊజీ ఈగ సాధారణంగా మూడవ జ్వరం తరువాత, అంటే నాలుగు, ఐదు దశలలో ఉన్న పట్టుపురుగులను ఎంచుకుంటుంది. ఒక్కొక్క పురుగుపై ఒకటి రెండు గుడ్లు పెడుతుంది. గుడ్డు గుండుసూది తలంత పరిమాణంలో, మీగడ రంగులో ఉంటుంది. రెండు మూడు రోజులలో పగిలి, పిల్లపురుగు చర్మాన్ని తొలిచి లోపలికి పోతుంది. అది దూరిన చోట నల్లని మచ్చ ఏర్పడుతుంది. ఐదు నుంచి ఏడు రోజులు పట్టుపురుగు కణజాలాన్ని తిని పెరిగి బయటికి వస్తుంది. వెలుతురుకు దూరంగా పోయే స్వభావం వలన నేల పగుళ్ళు, తట్టల అడుగు, చెత్త కుప్పలను ఆశ్రయించి ఒక రోజు లోపలే కోశంగా మారుతుంది. ఒక తరం పూర్తి కావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఒక ఆడ ఈగ తన జీవితకాలంలో వందల సంఖ్యలో గుడ్లు పెట్టగలదు.

నాలుగవ దశలోగాని, ఐదవ దశ మొదటి రోజులలోగాని గుడ్డు పడితే పురుగు గూడు అల్లకముందే చనిపోతుంది. ఐదవ దశ చివరలో పడితే గూడు ఏర్పడుతుంది, కాని చిల్లు పడుతుంది. మొదటి సందర్భంలో రైతు ఆకు, కూలి రెండూ నష్టపోతాడు. రెండవ సందర్భంలో గూడు చేతికి వచ్చినా ధర రాదు.

ఇక ఈ ఈగ దక్షిణాదిలో బలపడడానికి ప్రధాన కారణం సాగు పద్ధతిలోనే ఉన్నది. నీటి వసతి ఉన్న మల్బరీ తోట నుంచి ఏడాదికి ఐదారు పంటలు తీస్తారు. ఒక గ్రామంలో రైతులందరూ ఒకేసారి పురుగులను పెంచరు. ఒకరి గదిలో పురుగులు గూడు అల్లుతుండగా పక్క గదిలో నాలుగవ దశ నడుస్తుంటుంది. ఈ రైతు గదిలో పుట్టిన ఈగకు ఆ రైతు గదిలో ఆహారం సిద్ధంగా ఉంటుంది. ఈగకు మూడు వారాల చక్రం, గ్రామంలో పురుగులు లేని మూడు వారాల వ్యవధి ఏనాడూ ఉండదు. ఆతిథేయి కొరత అనే సహజమైన అడ్డు తొలగిపోయినప్పుడు ఏ పరాన్నజీవి అయినా ఇదే విధంగా పెరుగుతుంది.

హిందూపురం నుంచి ధర్మవరం వరకు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాలు గుంతకల్లు – బెంగళూరు రైలు మార్గంపై వరుసగా ఉన్నాయి. దక్షిణాన కర్ణాటక సరిహద్దును ఆనుకొని హిందూపురం, నడుమ పెనుకొండ, ఉత్తరాన ధర్మవరం. హిందూపురం సముద్ర మట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్నది. ధర్మవరం ఎత్తు 400 మీటర్ల లోపే. ఉత్తరానికి పోయేకొద్దీ నేల దిగుతుంది, ఎండ పెరుగుతుంది. హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు, మడకశిర, పెనుకొండ మండలాలు మల్బరీ సాగుకు, గూళ్ళ ఉత్పత్తికి పేరుపొందినవి. ధర్మవరం మగ్గాలకు పేరుపొందినది. అక్కడి చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ నేలపై గూడు, నూలు, చీర ఒకే దారిలో ప్రయాణిస్తాయి. సరిహద్దుకు ఇరువైపులా రైతులు, రీలర్లు, వ్యాపారులు ధరను బట్టి ఇటు హిందూపురానికి, అటు కర్ణాటక మార్కెట్లకు వెళుతుంటారు. రాష్ట్ర సరిహద్దు పటంపై గీత మాత్రమే. ఈగకు అది అడ్డు కాదు. కనుక హిందూపురం ప్రాంతంలో ఊజీ ఉధృతిని అర్థం చేసుకోవాలంటే గౌరీబిదనూరు వైపు తోటల పరిస్థితిని కూడా కలిపి చూడవలసి ఉంటుంది.

కాలం ప్రభావం కూడా గమనించదగినది. దక్షిణాదిలో ఊజీ ఏడాది పొడవునా కనిపించినా వర్షాకాలంలో ఉధృతి ఎక్కువ, ఎండ తీవ్రంగా ఉండే వేసవిలో తక్కువ. వాతావరణం ఈ ఈగను నిర్మూలించలేదు గాని దాని సంఖ్యను నియంత్రిస్తుంది. వేసవిలో తగ్గిన సంఖ్య వర్షాలు మొదలైన తరువాత మళ్ళీ పెరగడానికి మిగిలిన కొద్దిపాటి స్థావరాలే మూలం. వేసవి చివర చేపట్టే శుభ్రతా చర్యలకు ప్రాధాన్యం ఇవ్వాలని దీని సారాంశం. ఈగలు ఎక్కువగా ఉన్నప్పుడు కంటే తక్కువగా ఉన్నప్పుడే వాటిని అదుపు చేయడం సులభం.

నష్టం లెక్క

వంద రోగరహిత గుడ్ల సముదాయాల నుంచి, అంటే రైతులు వంద డి.ఎఫ్.ఎల్. అని పిలిచే మోతాదు నుంచి, సుమారు 40,000 పురుగులు వస్తాయనుకుందాం. అందులో 10 శాతం ఊజీ బారిన పడితే పోయేవి 4,000 గూళ్ళు. గూడు సగటు బరువు ఒకటిన్నర గ్రాములుగా తీసుకుంటే ఆరు కిలోలు. రైతు ఏడాదికి ఐదు పంటలు తీస్తే ముప్ఫై కిలోలు. ఆకు, గుడ్లు, కూలి, మందుల ఖర్చు మాత్రం తగ్గదు. కనుక పోయిన ప్రతి కిలో లాభంలో నుంచి పోయినదే.

రీలింగు గదిలో నష్టం మరొక రూపంలో కనిపిస్తుంది. మంచి బైవోల్టిన్ గూటి నుంచి సుమారు వెయ్యి మీటర్ల ఏకధారగా పోగు వస్తుంది. చిల్లు పడిన గూటిలో ఆ పోగు అనేక చోట్ల తెగి ఉంటుంది. వేడినీటిలో వేసినప్పుడు చిల్లు ద్వారా నీరు నిండి గూడు మునుగుతుంది. అటువంటి గూళ్ళు తక్కువ ధరకు వడికే నూలుకు పోవలసిందే. నూలు కొరత ఏర్పడితే ఆ భారం ధర్మవరం మగ్గం వరకు పోతుంది. ఒక ఈగ గుడ్డు నుంచి చీర వరకు ఉన్న ఈ గొలుసును గుర్తిస్తే ఊజీ సమస్య పట్టు రైతు ఒక్కడిదే కాదని స్పష్టమవుతుంది.

పురుగుమందు పనికిరాని సమస్య

వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు వచ్చినా, కందిలో కాయతొలుచు పురుగు వచ్చినా చివరి ఉపాయంగా పురుగుమందు ఉన్నది. ఇక్కడ ఆ ఉపాయం లేదు. కాపాడవలసినది కీటకమే, చంపవలసినదీ కీటకమే. రెండూ ఒకే తట్టలో, ఒకదానిలో ఒకటి ఉంటాయి. తోటపై చల్లిన మందు అవశేషం ఆకుతో పాటు వచ్చినా పట్టుపురుగులు చనిపోతాయి. అందువలన ఊజీ యాజమాన్యం మొదటి నుంచి అడ్డుకోవడం, గుడ్డు దశలో చంపడం, ఆకర్షించి పట్టడం, సహజ శత్రువులను వినియోగించడం అనే మార్గాలపైనే నిర్మితమైంది. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ ఈ పద్ధతులను అభివృద్ధి చేయడంలో ముఖ్య పాత్ర వహించింది. హిందూపురం సమీపాన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉండడం ఈ ప్రాంత రైతులకు అనుకూలాంశం.

మొదటిది వల. కిటికీలు, తలుపులు, గాలి రంధ్రాలకు నైలాను వల బిగించి, ప్రవేశద్వారం దగ్గర రెండు తలుపుల చిన్న గదిని ఏర్పరిస్తే ఈగ లోపలికి రావడం చాలావరకు ఆగుతుంది. ధర్మవరం వైపు వేడి ప్రాంతాలలో వల వలన గాలి ఆడదని రైతులు దానిని తొలగించే అవకాశం ఉన్నది. ఆ అభ్యంతరం నిజమైనదే. గది పైభాగంలో గాలి రంధ్రాలను పెంచి వాటికీ వల బిగించడం, చుట్టూ నీడ కల్పించడం దీనికి పరిష్కారం. వల తీసివేయడం పరిష్కారం కాదు.

రెండవది గుడ్డు దశలో నాశనం. ఒక శాతం బెంజోయిక్ ఆమ్లం కలిగిన ఊజీసైడ్ ద్రావణాన్ని పురుగులపై సన్నని తుంపరగా పిచికారీ చేస్తే చర్మంపై ఉన్న ఊజీ గుడ్లు పగలకముందే చనిపోతాయి. గుడ్డు రెండు మూడు రోజులలో పగులుతుంది గనుక పిచికారీ మధ్య వ్యవధి ఎక్కువైతే ఫలితం ఉండదు. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు పిచికారీ చేయరాదు. నల్లని మచ్చ కనిపించిన తరువాత చల్లినా ఆ పురుగు దక్కదు.

మూడవది ఎర. ఊజీ బిళ్ళను నీటిలో కరిగించి తెల్లని పళ్ళెంలో పోసి మూడవ దశ నుంచి గూళ్ళు అల్లే వరకు కిటికీల దగ్గర ఉంచితే ఈగలు ఆకర్షితమై అందులో పడి చనిపోతాయి. పళ్ళెంలో పడిన ఈగలను రోజూ లెక్కించి రాసుకుంటే అదే ఉధృతి నమోదు కూడా అవుతుంది.

నాలుగవది జీవ నియంత్రణ. నెసోలింక్స్ థైమస్ అనే అతి చిన్న కందిరీగ జాతి పరాన్నజీవి ఊజీ కోశాలను వెదకి వాటిలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు ఊజీ కోశాన్ని తిని పెరుగుతాయి. పట్టుపురుగుకు దాని వలన హాని లేదు. వంద డి.ఎఫ్.ఎల్. పెంపకానికి సుమారు ఒక లక్ష పరాన్నజీవులను దశలవారీగా, సాయంత్రం వేళ విడుదల చేయాలని సిఫారసు. గూళ్ళు కోసిన తరువాత పురుగుల చెత్త వేసే గుంట దగ్గర విడుదల చేయడం మరువరాదు. ఎక్కువ కోశాలు చేరేది అక్కడికే.

ఐదవది శుభ్రత. నేల పగుళ్ళను పూడ్చడం, చంద్రికల అడుగున రాలిన పిల్లపురుగులను, కోశాలను ఏరి వేడినీటిలోగాని, సబ్బు నీటిలోగాని వేయడం, చెత్తను గుంటలో వేసి మట్టితో కప్పి ఉంచడం ఖర్చు లేని పనులు. ఈ పనులను ప్రతి పంట తరువాత తప్పక చేయాలి.

గది కాదు, గ్రామమే ప్రమాణం

ఒక రైతు ఈ ఐదు చర్యలనూ పాటించి, పక్క రైతు చెత్తను ఆరుబయట పోస్తే ఇద్దరికీ ఊజీ తప్పదు. ఈగ ఒక గదికి చెందినది కాదు. దాని స్థానిక విస్తృతి కనీసం ఒక గ్రామం. కనుక విస్తరణ కార్యక్రమానికి ప్రమాణం గ్రామమే కావాలి. గ్రామమంతటా పరాన్నజీవుల విడుదల ఒకే వారంలో జరగాలి. వీలైనంతవరకు గుడ్లు తెచ్చే తేదీలను రైతులు కలిసి నిర్ణయించుకోవాలి. గ్రామంలో పురుగులు లేని కొద్ది రోజుల వ్యవధి ఏడాదికి ఒక్కసారైనా ఏర్పడితే ఈగ సంఖ్య గణనీయంగా తగ్గుతుంది. చాకీ పెంపకం కేంద్రాలు ఒక గ్రామానికి ఒకే సమయంలో చిన్న పురుగులను సరఫరా చేయగలిగితే ఈ పని మరింత సులభమవుతుంది.

ఇందులో రైతులకు ఉన్న ఇబ్బందిని విస్మరించరాదు. అందరూ ఒకేసారి గూళ్ళు తెస్తే మార్కెట్టులో ధర పడిపోతుందన్న భయం సహేతుకమైనది. పొరుగు గ్రామాలు వారం వ్యవధితో వరుస పాటిస్తే మార్కెట్టుకు గూళ్ళ రాక కూడా సమంగా ఉంటుంది. ఈ సమన్వయం రైతు ఒంటరిగా చేయగలిగినది కాదు. పట్టు శాఖ సిబ్బంది, రైతు సంఘాలు కలిసి చేయవలసినది.

మార్కెట్టు, రీలింగు కేంద్రాలను కూడా ఇదే పటంలో చేర్చాలి. గూళ్ళ రాశుల నుంచి రాలిన పిల్లపురుగులను ఏ రోజుకు ఆ రోజు ఊడ్చి నాశనం చేయడం, కొన్న గూళ్ళను ఆలస్యం లేకుండా వేడితో శుద్ధి చేయడం అవసరం. లేకపోతే పది గ్రామాల ఈగ ఒకచోట కలిసి మళ్ళీ పది గ్రామాలకు పంపిణీ అవుతుంది.

మరొక అతిథి, మరొక పాఠం

ఊజీ మొదటిది కాదు, చివరిదీ కాదు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో కనిపించింది. బొప్పాయితో ఆగక మల్బరీని కూడా ఆశించి తమిళనాడు, కర్ణాటక పట్టు రైతులకు తీవ్ర నష్టం కలిగించింది. 2010లో దాని స్వస్థలపు పరాన్నజీవులను ప్యూర్టోరికో నుంచి తెప్పించి, బెంగళూరులోని జాతీయ సంస్థలో వృద్ధి చేసి విడుదల చేశారు. వాటిలో ఎసిరోఫేగస్ పపాయే అద్భుతమైన ఫలితం ఇచ్చింది. పిండినల్లి శత్రువులు లేని నేలకు వచ్చింది కాబట్టే విజృంభించింది. శత్రువు దానిని వెంబడించి వచ్చిన తరువాత అణిగిపోయింది. జాతి గుర్తింపు, స్వస్థలం నిర్ధారణ త్వరగా జరగకపోతే ఈ విజయం సాధ్యమయ్యేది కాదు.

నమోదు చేయవలసినవి

విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు విస్తృతి నమోదులో కొన్ని నియమాలు పాటించాలి. ప్రతి నమోదులో గ్రామం, తేదీ, పట్టుపురుగు జాతి, దశ, పరిశీలించిన పురుగుల సంఖ్య, వాటిలో గుడ్డు లేదా మచ్చ ఉన్నవాటి సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. ఊజీ ఎక్కువ అని రాస్తే అది అభిప్రాయమే అవుతుంది. 200 పురుగులలో 14 అని రాస్తే సమాచారం అవుతుంది. వెలువడిన ఈగలను ఆల్కహాలులో భద్రపరచి చీటీ కట్టాలి.

అంతకంటే ముఖ్యమైనది శూన్య నమోదు. పటంపై ఖాళీగా ఉన్న చోటికి రెండు అర్థాలు ఉండవచ్చు. అక్కడ కీటకం లేదు, లేదా అక్కడికి ఎవరూ వెళ్ళి చూడలేదు. ఈ రెండింటినీ వేరుచేయగలిగినది చూశాము, కనిపించలేదు అన్న నమోదు మాత్రమే. తేలు ఈగల వంటి అరుదైన కీటకాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పెనుకొండ కొండ వాలుల్లోనో, చిత్రావతి ఒడ్డు పొదలలోనో వర్షాకాలంలో వల పట్టి వెదకిన విద్యార్థికి ఏమీ దొరకకపోయినా, తేదీతో, స్థలంతో రాసుకున్న ఆ ఫలితం శాస్త్రానికి పనికివస్తుంది.

1980లో బస్తాలోని గూటిని కోసి చూసి, ఇది కొత్త ఈగ అని గుర్తించే కన్ను దారిలో ఉన్న ప్రతి మార్కెట్టులోను ఉండి ఉంటే ఊజీ కథ వేరుగా ఉండేది. ఆనాటి ప్రయాణాన్ని ఇప్పుడు వెనుకకు తిప్పలేము. ఊజీని ఈ ప్రాంతం నుంచి పూర్తిగా తొలగించడం కూడా ఆచరణసాధ్యం కాదు. గ్రామ స్థాయి సమన్వయంతో నష్టాన్ని రైతు భరించగల హద్దులో ఉంచడం, సరిహద్దు దాటి వచ్చే తదుపరి కీటకాన్ని మొదటి పంటలోనే గుర్తించడం మాత్రం సాధ్యం. ఆ రెండు పనులకూ మొదలు ఒక్కటే: హిందూపురం మార్కెట్టులో గుప్పెట్లోకి వచ్చిన చిల్లు గూటిని పక్కన పడవేయకుండా, అది ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగి రాసుకోవడం.